కిలో దాటించిన పసుపు కొమ్ములు

కొత్త నేతగుడ్డకు ఒక వాసన ఉంటుంది. ఉడికిన గంజి, తడి మట్టి, కాస్త ఎండ కలిసినట్టుండే ఆ వాసన ఒక్క ఉతుకు పడితే పోతుంది, మళ్లీ రాదు. మొన్న ఆదివారం కింది వాటాలో ఉండే గాయత్రి ఒక అట్టపెట్టె పట్టుకుని మేడ మీది నా గదికి వచ్చింది. పెట్టె మూత తీయగానే ఆ వాసన గుప్పున తగిలింది. ఇడ్లీ తుంచబోతున్న నా చెయ్యి అట్లాగే ఆగిపోయింది.

గాయత్రి డిగ్రీ అయిపోయి ఇంట్లోనే ఉంటోంది. నేతగుడ్డతో చేతిసంచులు కుడుతుంది, వాటి మీద సూదితో పువ్వులు వేస్తుంది. ఈమధ్య ఫోన్‌లోనే ఒక అంగడి తెరిచింది. ఇంతవరకూ ఏడుగురు అడిగారట. అసలు చిక్కు సంచిలో లేదు, దాన్ని పంపడంలో ఉందని చెప్పింది. పంపే ఖర్చు విడిగా చెబితే కొనేవాళ్లు వెనక్కి తగ్గుతున్నారు, ధరలో కలిపితే తనకు దారం డబ్బులు కూడా మిగలడం లేదు. బెంగళూరుకు ఒక రేటు, హైదరాబాదుకు ఒక రేటు, అర కిలో దాటితే ఇంకొక రేటు. "నీకు ఇట్లాంటివి తెలుసంట గదా తాతా, మా నాయన సెప్పినాడు" అంది.

"మీ నాయన లాగులేసుకోని తిరిగే కాలంలోనే ఇండియా అంతటికీ పోస్టులో బట్టలమ్మినోణ్ణి. నన్నా అడుగుతాండావు" అన్నాను.

ఆ పిల్ల నమ్మింది. ఆదోనిలో నన్ను నమ్మేవాళ్లు ఇంకా ఒకరు మిగిలి ఉన్నారని సంతోషించాను. ఆమె కిందికి వెళ్లాక ఇడ్లీ ముందు కూర్చుని ఆ మాటలో నిజమెంతో తీసి చూసుకున్నాను. ఇండియా అంతటికీ కాదు, వారానికి నాలుగు మూటలు, పండగ ముందయితే ఏడు. అమ్మింది నేను కాదు, నేసింది అసలే కాదు. ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో నీలమ్మ అనే ఒక మనిషి ఉండేది. ఆమె దుప్పట్లవి.

ఇది డెబ్బైల చివరి మాట. నేనప్పుడు తపాలా శాఖలో పని చేసేవాణ్ణి. ఈ మాట చాలామందికి చెప్పాను, పిల్లనిస్తామని వచ్చినవాళ్లకు కూడా చెప్పాను. పని చేసింది శాఖ లోపల కాదు, పోస్టాఫీసు అరుగు మీద. చదువు రానివాళ్లకు మనియార్డరు ఫారాలు నింపి, ఉత్తరాలు రాసి, మూటలకు లక్క ముద్రలు వేసి ఇచ్చేవాణ్ణి. పిల్లనిస్తామన్నవాళ్లు ఒకరోజు నన్ను చూడటానికి నేరుగా అరుగు దగ్గరికే వచ్చారు. లోపల కుర్చీ ఏదని అడిగారు. ఆ తర్వాత మళ్లీ ఎవరూ రాలేదు, నేనూ ఎవరినీ రమ్మనలేదు.

ఆదోనిలో మా అమ్మ పోయాక మేనమామ ఇంట్లో ఇమడలేక ఎమ్మిగనూరు వచ్చినప్పుడు, వీధివైపు గది నాకు అద్దెకిచ్చింది నీలమ్మే. అప్పటికి ఆమెకు యాభై ఉంటాయేమో. పిల్లలు లేరు. భర్త నాగప్ప దగ్గు రోగంతో పోయి ఆరేళ్లయింది. ఆ వీధిలో ఆడవాళ్లు నూలు తోడతారు, కండెలు చుడతారు, గంజి పెడతారు. గుంట మగ్గంలో కాళ్లు దించుకుని కూర్చునేది మగవాళ్లే. నాగప్ప పోయిన రెండో నెల నీలమ్మ ఆ గుంటలోకి దిగి కూర్చుంది. ఎవరేమన్నా దిగడం మానలేదు. పగలంతా గోడ అవతల టకటకమని చప్పుడు. దీపాలు పెట్టే వేళకు ఆ చప్పుడు ఆగేది. గోడకు ఇటు నేను, అటు ఆమె. మగ్గం ఆగితే ఇద్దరికీ వినబడేది ఇంకేమీ ఉండేది కాదు.

నేను ఆమెను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. ఆమె నన్ను అప్పా అనేది, కోపం వస్తే రాఘవా అనేది. వారానికొకసారి షావుకారి మనిషి వచ్చి నేసిన దుప్పట్లన్నీ మూటగట్టి సైకిలు మీద వేసుకుపోయేవాడు. ఒకసారి వాడు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడి, నాతో అంది.

"ఈ ఇంట్ల నేసేది ముప్పై ఏండ్లాయె. ఒగ దుప్పటి కూడా యాడికి పాయనో తెల్దు. బిడ్డనిచ్చినోళ్లకు ఊరి పేరన్నా తెలుస్తాది గదప్పా."

ఆమె కోరిక అంతే. తన చేతి గుడ్డ ఎవరింటికి చేరిందో, చేరాక వాళ్లేమన్నారో తెలియాలి. లాభం సంగతి ఆమె ఎత్తలేదు, ఎత్తింది నేను. వారపత్రికలో చిన్న ప్రకటన వేద్దాం, పోస్టులో పంపుదాం, అక్కడ మూట అందుకున్నవాళ్లే పోస్టుమానుకు డబ్బు కట్టే పద్ధతి ఉంది, వి.పి.పి. అంటారని చెప్పాను. పోస్టు రేట్లన్నీ నాకు నోటికి వచ్చని కూడా చెప్పాను. రేట్ల పట్టీ అరుగు మీద నా నెత్తికి పైనే అంటించి ఉండేది. ఎవరన్నా అడిగితే తల వెనక్కి వాల్చి ఆలోచిస్తున్నట్టు నటించేవాణ్ణి. నోటికి రావడమంటే అదే.

లెక్క కష్టమైంది కాదు. ఊరు ఎంత దూరమని పోస్టువాళ్లు చూడరు, బరువే చూస్తారు. అర కిలోకు ఒక మెట్టు. మెట్టు మీద గ్రాము పడినా పై మెట్టు రేటు కట్టాలి. కాబట్టి దుప్పటి మూట కిలో లోపల ఉండాలి. నేను దుప్పటిని చేత్తో ఎత్తి చూసి, కళ్లు మూసుకుని, తొమ్మిది వందల గ్రాములని ఖచ్చితంగా చెప్పేశాను. ఇట్లాగని గాయత్రికి చెప్పాను. జరిగింది వేరు. మూలమీది కిరాణా అంగట్లో తక్కెడలో వేయించాను. రాళ్లు సరిపోక అంగడతను ఒక సబ్బు బిళ్ల కూడా పెట్టి, తొమ్మిది వందలకు అటూ ఇటూ అన్నాడు. అటు ఎంత, ఇటు ఎంత అని నేను అడగలేదు. ఎక్కడికైనా ఒకే ధర, పోస్టు ఖర్చు అందులోనే అని ప్రకటన రాసి పంపేశాను.

మొదటి మూటను పోస్టాఫీసు కిటికీలో ఇచ్చినప్పుడు తూకం ముల్లు కిలో దాటి నిలబడింది. గుమాస్తా పై మెట్టు రేటు చెప్పాడు. ఇంటికొచ్చి, ఆ గుమాస్తాకు తూకం సరిగ్గా చూడటం రాదని పెద్దమ్మతో అన్నాను. పాపం, అతను ఆ ముల్లును ముట్టుకోనైనా లేదు. నేను దుప్పటిని తూచాను, మూటను తూచలేదు. పైన కుట్టే గుడ్డ, పురికొస, ఆరు లక్క ముద్రలు, ఇవేవీ నా లెక్కలో లేవు. పైగా గుంట మగ్గం మీంచి అప్పుడే దిగిన గుడ్డలో గుంట చెమ్మ ఉంటుంది. అది కూడా తూగుతుందని నేతగాళ్ల వీధిలో అద్దెకుండే నాకు తెలియదు, ఆమెకు తెలుసు.

ఆమె నన్నేమీ అనలేదు. అచ్చయిన ధర మార్చకూడదంది. మాట ఇచ్చినాక గుడ్డే మన మాట వినాలంది. మరునాటి నుంచి పంపాల్సిన దుప్పటిని మధ్యాహ్నమంతా మిద్దె మీది నాపరాళ్ల మీద ఎండబెట్టి, వేడి పోకముందే మడిచేది. మందపు పైగుడ్డ పోయి నాగప్ప పాత పంచెలు వచ్చాయి. రెండు వరుసల కుట్టు ఒక వరుస అయింది. లక్క ముద్రలు శనగబద్దంత చేయమని నాకు చెప్పింది. ఇంత చేసినా ముల్లు కిలో మీద ఒక వేలెడు దాటుతూనే ఉంది. మూడు మూటలు అట్లా పోయాయి. ప్రతిసారీ పై మెట్టు.

నాలుగో మూట నాడు నాకు రోషం వచ్చింది. అరుగు మీద కూర్చుని ఒక మూల కుట్టు విప్పి లోపల చెయ్యి పెట్టాను. ఆఖరి మడతలో చిన్న గుడ్డ ముడి తగిలింది. విప్పితే రెండు పసుపు కొమ్ములు, రెండు వక్కలు, గుప్పెడు బియ్యం. ఒడిబియ్యం. అత్తారింటికి పోయే ఆడపిల్ల ఒళ్లో పోసి పంపేవి. బిడ్డనిచ్చినట్టని ఆమె ఊరకే అనలేదు.

నేను చేయవలసింది, ఇంటికి పోయి అడగడం. అడగకపోవడం మర్యాద అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది మర్యాద కాదు. నా లెక్క తప్పు కాలేదని, తప్పు ఆ ముడిదని తేలినందుకు లోపల సంబరపడ్డాను. అడిగితే ఆ సంబరం పోతుంది. ముడి తీసి జేబులో వేసుకున్నాను. బియ్యం పిచ్చుకలకు చల్లి, మూల మళ్లీ కుట్టి, లక్క వేసి కిటికీలో ఇచ్చాను. ముల్లు కిలో లోపలే ఆగింది. అప్పటి నుంచి ప్రతి మూటకూ అదే పని. పసుపును పారేయడానికి చేతులు రాక గదిలో ఒక బిస్కట్ల డబ్బాలో వేస్తూ వచ్చాను.

మూట అందాక డబ్బు మనియార్డరు అయి వచ్చేది. దాని కూపను మీద ఎవరైనా రాస్తే ఒక ముక్క రాసేవాళ్లు, లేకపోతే అదీ ఉండదు. పెద్దమ్మకు చదువు రాదు. సాయంత్రం మగ్గం దిగి, చేతులు కడుక్కుని, గడప మీద కూర్చుని "ఏమని రాసినారప్పా?" అనేది. 'అందింది' అన్న ఒక్క ముక్కను చదవడానికి ఆమె చేతులు కడుక్కుని వచ్చిందంటే నాకు మనసొప్పేది కాదు. అందుకని పెంచేవాణ్ణి. విజయనగరంలో ఒక మాస్టారు ఆ దుప్పటి కప్పుకుంటే తల్లి ఒళ్లో పడుకున్నట్టుందని రాశాడు. నాగపూర్‌లో ఒక డాక్టరమ్మ అంచు చూసి మురిసిపోయింది. వీళ్లెవరూ అవేమీ రాయలేదు. ఆ మాస్టారు మాస్టారో కాదో కూడా నాకు తెలియదు.

"లోపల పెట్టిందాని గురించి ఏమన్నా రాసినారా?" అని ఒకసారి మెల్లగా అడిగింది. పసుపు అందింది, కళ్లకద్దుకున్నాం అని రాశారని చదివాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి పోయింది. తీసింది నేనే, అందిందని చదివింది నేనే. గోడ అవతల ఆ రోజు దీపాలు పెట్టాక కూడా మగ్గం ఆడింది. నాకు మంచి పని చేసినట్టే ఉండింది, అదే ఇందులో ఘోరం.

ఆరేడు నెలలకు ఒక నీలం ఉత్తరం వచ్చింది. మనియార్డరు కూపను కాదు, నిజమైన ఉత్తరం, ఖరగ్‌పూర్ నుంచి. అప్పటికే ఆ ఇంటికి రెండు దుప్పట్లు పోయాయి. మొదటిది మా తొలి మూడు మూటల్లో ఒకటి. అరుగు మీదే చదువుకుని పోవాల్సింది. ఉత్తరం వచ్చిందన్న గొప్పలో పరుగున ఇంటికి పోయి, మగ్గం ఆపించి, ఆమె ముందే చించి పైకి చదవడం మొదలుపెట్టాను.

"ఎమ్మిగనూరు నీలమ్మ గారికి. మాది గోనెగండ్ల. పెళ్లయి ఈ ఊరు వచ్చి పదిహేనేళ్లు. రైల్వే క్వార్టర్సులో ఉంటాము. మా అమ్మ పోయినాక మన దిక్కు నుంచి నాకు ఏదీ రాలేదు. పోయినసారి మీ దుప్పటి మడతలో ఒడిబియ్యం ఉన్నాయి. దుప్పటి మావాళ్లు కప్పుకున్నారు. పసుపు నేను దాచుకున్నాను. అందుకే ఇంకొకటి తెప్పించాను."

ఎప్పుడూ చదువుతూ చదువుతూ, ఎక్కడ ఏం కలపాలా అని ఒక కన్ను ముందుకు వేసి ఉంచేవాణ్ణి. ఈ ఉత్తరంలో కలపడానికి చోటు లేదు. తర్వాతి వాక్యం నా కంటికి ముందే కనబడింది. చదవడం ఆపాను.

"నిలిపితివేమప్పా?"

అబద్ధాలు అల్లడంలో అంత ఆరితేరినవాడికి ఆ క్షణాన ఒక్కటి దొరకలేదు. చదివేశాను.

"ఈసారి విదిలించి చూశాను, లేవు. మరిచిపోయి ఉంటారు. తప్పుగా అనుకోవద్దు."

పెద్దమ్మ "నేను మర్చిపోల్యా" అంది, నాతో కాదు, తనలో తాను. తర్వాత నా మొహం చూసింది. బరువెక్కువవుతోందని తీశానని చెప్పాను. ఎన్ని మూటలకని అడగలేదు. నేను గదిలోకి పోయి డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాను. అప్పుడు ఆమె కాళ్ల మీద పడి ఏడ్చానని ఎవరికైనా చెప్పుకోవాలని ఉంటుంది. ఏడవలేదు. చెప్పులు ఎక్కడ విడిచానా అని వాకిట్లోకి చూస్తూ నిలబడ్డాను.

ఆమె డబ్బా మూత తీసి, కొమ్ముల మీద చెయ్యి ఆనించి కూర్చుంది.

"ఒగ మాట అనింటే పైగుడ్డ ఇంగా సన్నంది ఏస్తాంటి గదా రాఘవా" అంది. తల ఎత్తకుండానే మళ్లీ, "ఈ ఈదిలో పెండ్లయితే నన్ను ఎనకాల నిలబెడతారు. నా సేతి పసుపు ఎవురు తీసుకుంటారప్పా? పోస్టులో అయితే సెయ్యి కనపడదు" అంది.

ఆరేడు నెలలు ఆ గోడకు ఇటుపక్క ఉండి, ఆమె నుదుటి మీద బొట్టు లేదని రోజూ చూస్తూ, నాకు ఆ సంగతి తట్టలేదు. నేను గ్రాములు చూస్తున్నాను.

మరునాడు ఆమె ఒక చిన్న మూట కుట్టింది. అందులో దుప్పటి లేదు. పసుపు కొమ్ములు, వక్కలు, బియ్యం, ఒక ఎండు కొబ్బరి గిన్నె. దానితోపాటు ఉత్తరం రాయమని నన్ను కూర్చోబెట్టింది. తప్పు ఇక్కడి కుర్రవాడిదని రాయమంది, రాశాను. గోనెగండ్లలో వానలు పడ్డాయని రాయమంది, రాశాను. తర్వాత చెప్పిన మాట ఇది.

"పసుపిచ్చిన సెయ్యి ముత్తైదువది కాదు తల్లీ. నా మొగుడు పోయి ఆరేండ్లు దాటె. ఇష్టం ల్యాకపోతే తులసి సెట్టు మొదట్లో ఏసెయ్, నేనేమీ అనుకోను. ఇట్లే రాయి."

ఎందుకు పెద్దమ్మా, ఆమెకు తెలిసేది లేదు గదా అని నేను గొణిగాను.

"అడగనప్పుడు కనపడకుండా ఇస్తి. అడిగినాంక దాస్తే మోసమైతాది" అంది.

ముత్యాల్లాంటి అక్షరాలతో ఉత్తరమంతా రాశాను, ఆ మాట ఒక్కటి తప్ప. ఆ మాట చూసి ఖరగ్‌పూర్ ఆమె వెనక్కి తగ్గుతుందేమోనని భయపడ్డాను. పెద్దమ్మకు ఇంకొక నీలం ఉత్తరం రావాలని నాకు ఆశగా ఉండింది. ఇది కూడా మంచికే అనుకున్నాను. ఒకసారి చదవమంటే, కాగితం మీద లేని ఆ మాటను ఆమె గొంతుతోనే, ఒక్క అక్షరం పోకుండా చదివి వినిపించాను. ఆమె తల ఊపి, సిరా బిళ్ల మీద బొటనవేలు అద్ది, కింద ముద్ర వేసింది. తాను చెప్పింది అందులో ఉందనుకునే వేసింది.

ఆ మూట ఎంత తేలికంటే, కింది మెట్టులో సగానికి కూడా రాలేదు. రిజిస్టరు చేయించి, అందినట్టు సంతకం తెచ్చే కార్డు కూడా జత చేశాను. ఆ ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఇది పెంచి చెప్పడం కాదు.

పది పన్నెండు రోజులకు కార్డు తిరిగి వచ్చింది. సంతకం ఉంది. ఆ కార్డు అంచున పసుపు వేలిముద్ర ఒకటి ఉందని రాస్తే మీకు బాగుంటుంది, నాకూ బాగుంటుంది. ఏమీ లేదు. సంతకం, తపాలా ముద్ర, అంతే. ఉత్తరం మటుకు రాలేదు.

పెద్దమ్మ నన్ను అడగడం మానేసింది. నేను అరుగు నుంచి వచ్చే వేళకు వీధిలో నా చెప్పుల చప్పుడు వినగానే మగ్గం ఆగేది. నేను పలకకుండా గదిలోకి పోతే కాసేపటికి మళ్లీ మొదలయ్యేది. రెండు మూడు నెలలు రోజూ అదే. ఒక్కోరోజు ఆ ఆగడం భరించలేక చెప్పులు చేతిలో పట్టుకుని వచ్చేవాణ్ణి. ఎండాకాలం మొదలైన ఒక సాయంత్రం, నేను గడప దాటుతుంటే ఆమే అంది.

"తెలిసినాంక ఎట్ల రాస్తాదిలేప్పా. ఆమెది తప్పేముండాది."

అక్కడే కూర్చుని, ఆ మాట నేను రాయలేదు పెద్దమ్మా, ఆమెకు తెలియనే తెలియదు అని చెప్పేశాను. పెద్దమ్మ నా నెత్తిన ఒక మొట్టికాయ వేసి నవ్వింది. ఈ కథను ఇట్లా ముగించి ఆదోనిలో ఇద్దరు ముగ్గురికి చెప్పాను. వాళ్లకు నచ్చింది. జరగనిది నచ్చడం సులువు. ఆ రోజు నేనన్నది, పోస్టు ఒక్కోసారి ఆలస్యమవుతుంది పెద్దమ్మా, అని. ఆమె సరేనన్నట్టు తల ఊపి మగ్గం నాడె చేతిలోకి తీసుకుంది.

చెప్పి ఉంటే ఏమయ్యేది? నన్ను ఇంట్లోంచి పొమ్మనేదేమో. ఎమ్మిగనూరులో నాకు ఇంకొక గోడ లేదు, గోడ అవతల ఇంకొక చప్పుడు లేదు. భయపడింది దానికే. ఆమెకు మాత్రం, చెయ్యి కనబడగానే ఒక ఆడమనిషి పసుపును వెనక్కి నెట్టిందన్న నమ్మకం మిగిలింది. వీధిలో ఉన్నదే పోస్టులోనూ ఉందని అనుకుంది. ఖరగ్‌పూర్ ఆమె అట్లాంటి పని చేయలేదు. చేయడానికి ఆమెకు అవకాశమే ఇవ్వలేదు నేను.

ఆ తర్వాత పెద్దమ్మ మూటల్లో పసుపు పెట్టడం మానేసింది. నేను ఒకటి రెండుసార్లు అరుగు మీద కుట్టు విప్పి చూశాను, ఆశతో. ఖాళీ మడతలు. కావాలంటే నేనే పెట్టవచ్చు, డబ్బాను ఆమె మళ్లీ నా గదిలోనే పెట్టించింది. పెట్టలేదు. మూటలన్నీ కిలో లోపలే తూగాయి. నా లెక్క అప్పటి నుంచి ఒక్కసారి కూడా తప్పలేదు.

అట్లా ఇంకో మూడు నాలుగేళ్లు నడిచింది. ఎనభైల్లో ఆమె మోకాళ్లు పట్టేసి గుంటలోకి దిగడం కష్టమైంది. హాలహర్వి నుంచి చెల్లెలి కొడుకు వచ్చి తీసుకుపోయాడు. బస్టాండు దాకా ఆమె ట్రంకు పెట్టె నేనే మోశాను. నేనూ ఆదోనికి తిరిగిపోతానని ఆమెకు చెప్పి ఉన్నాను. బస్సు కదిలే ముందు కిటికీలోంచి ఒక మూట నా చేతికిచ్చింది. పాత పంచెతో, ఒక వరుస కుట్టుతో, అచ్చం పోస్టు మూటలాగే కుట్టింది. "కప్పుకో అప్పా, ఆదోని చలికి" అంది. ఆదోనిలో చలి ఎక్కడిది.

గదికి వచ్చి తలుపు వేసుకుని కుట్టు విప్పాను. దుప్పటి. మడతలన్నీ విప్పాను. తర్వాత లేచి నిలబడి, రెండు కొసలు పట్టుకుని విదిలించి చూశాను. ఏమీ రాలలేదు. మగవాడికి ఒడిబియ్యం పెట్టరని నాకు తెలుసు. తెలిసే విదిలించాను. ఖరగ్‌పూర్‌లో ఆమె ఎట్లా నిలబడి ఉంటుందో అప్పుడు తెలిసింది.

పెద్దమ్మ పోయిన సంగతి నెల తర్వాత, ఆలూరు వైపు నుంచి వచ్చిన ఒక మనిషి మాటల్లో తెలిసింది. అప్పటికి నేను ఆదోని వచ్చి ఒక పత్తి అంగట్లో పనికి కుదిరాను. ఆ రాత్రే ఖరగ్‌పూర్‌కు ఉన్నదున్నట్టు రాశాను. చిరునామాలో లేరని తిరిగి వచ్చింది. మరో ఇరవై ఏళ్లకు, ఇల్లు మారుతూ ఆ బిస్కట్ల డబ్బా తెరిస్తే, అడుగున ఆ సంతకం కార్డు కనబడింది. సంతకం ఇంగ్లీషులో ఉంది. ఆమె రాసిన ఉత్తరం చేతిరాతకూ దీనికీ పోలికే లేదు. ఇంట్లో ఎవరో తీసుకుని ఉంటారు. ఆ మూట ఆమె దాకా చేరిందో లేదో కూడా నాకు తెలియదు. ఆనాడే కాస్త ఆగి చూసి ఉంటే, పెద్దమ్మకు చెప్పడానికి ఒక నిజమైన మాట దొరికేది.

మొన్న ఆదివారం సాయంత్రం గాయత్రి వంటింటి కాటా తీసుకుని మళ్లీ వచ్చింది. ఈసారి గొప్పలు చెప్పకుండా, తెలిసింది చెప్పాను. ముందు లోపల పెట్టాల్సిందంతా పెట్టు, తర్వాత మూత అంటించు, పైన చిరునామా కాగితం కూడా అంటించు, అన్నీ అయినాక తూకం వెయ్యి. సంచిని తూచి ధర చెప్పొద్దు. గంజి గుడ్డను ఒక పూట ఎండలో వేసి మడువు. ఆమె బుద్ధిగా ఫోన్‌లో ఎక్కించుకుంది. పొట్లం కట్టి కాటా మీద పెడితే నాలుగు వందల తొంభై చూపించింది. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది.

నేను లేచి వంటగదిలోకి పోయి, ఆ బిస్కట్ల డబ్బాలోంచి రెండు పసుపు కొమ్ములు తెచ్చి కాటా మీద పొట్లం పక్కన పెట్టాను. అంకె ఐదు వందలు దాటింది.

"ఇదెందుకు తాతా?" అంది.

ఇంత వయసొచ్చినా, ఇంత అయినా, నా నోట్లోంచి వచ్చింది చూడండి. గుడ్డకు పురుగు పట్టకుండా అన్నాను.

"అయితే రెండు ఏపాకులేస్తాలే, బరువుండదు" అని నవ్వి, కొమ్ములు నా చేతిలో పెట్టి, పొట్లం తీసుకుని మెట్లు దిగిపోయింది. తెలివైన పిల్ల. అంగడి బాగా నడుస్తుంది.

కొమ్ములు చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. కింద టేపు చించే చప్పుడు వినబడుతూ ఉండింది, తర్వాత అదీ ఆగిపోయింది. అప్పుడు ఈ కాగితాలు ముందు వేసుకున్నాను. నలభై ఏళ్లకు పైగా నేను పైకి చదవడమే తప్ప రాయని మాట ఒకటుంది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

పసుపిచ్చిన సెయ్యి ముత్తైదువది కాదు తల్లీ. నా మొగుడు పోయి ఆరేండ్లు దాటె. ఇష్టం ల్యాకపోతే తులసి సెట్టు మొదట్లో ఏసెయ్, నేనేమీ అనుకోను.

రాసినాక కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసుకున్నాను. ఉంది.